గొంగడి మీద అడుగు

ఈదమ్మ వేసిన నామినేషన్ చెల్లిందన్న మాట ఊళ్లోకి రాగానే నాగేశ్ తింటున్న కంచాన్ని గోడకేసి కొట్టాడు. అక్కడే గదా పోయిన వారం మనం వాళ్లను వదిలి వచ్చింది! ఆ కంచం దొర్లుకుంటూ వచ్చి శ్రీవాణి కాళ్ల దగ్గర పడింది. ఆమె వంగి కంచం తీసింది, మెతుకులు ఊడ్చింది.

మధ్యలో వచ్చి కూర్చున్న వాళ్ల కోసం సంగతేమిటో చెప్పి ముందుకు పోదాం. ఇటిక్యాల దిక్కున ఎర్రబండపల్లి సర్పంచి పదవి ఈసారి ఆడవాళ్లకు వచ్చింది. ఊరి పెద్దమనుషులు కూర్చుని, పోటీ లేకుండా ఏకగ్రీవం చేద్దామని తీర్మానించి, నాగేశ్ పెళ్లాం శ్రీవాణి పేరు పెట్టారు. పేరు ఆమెది, పెత్తనం మొగుడిది. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ కొత్త కాదు, ఎవరికీ తప్పుగా కూడా తోచలేదు. అంతా సాఫీగా జరిగిపోయేదే. కానీ గడువు ముగిసే వేళకు నాగేశ్ కన్నతల్లి ఈదమ్మ ఒంటరిగా ఆటో ఎక్కి పోయి, కోడలి మీద తానే నామినేషన్ వేసి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి! నలభై ఏళ్ల కిందట ఆ ఊరి పంచాయతీలో మొట్టమొదటి ఆడ మెంబరు ఆమే. మెడలో బంతిపూల దండతో అప్పుడు దిగిన ఫొటో ఇప్పటికీ వాళ్లింటి నడవలో వేలాడుతూనే ఉంది.

నామినేషన్లు వెనక్కి తీసుకోవడానికి ఇవాళ మూడింటి దాకా టైముంది. అప్పటిలోగా ఈదమ్మ చేత ఆ పని చేయించాలని ఊరి మగవాళ్లంతా బీరప్ప గుడి ముందు కూడారు. ముసలామె ఒక్కతి, ఎదురుగా ఊరు. పందెం చూడ్డానికి పోయినట్టు నవ్వుకుంటూ పోయారు మరి!

శ్రీవాణి మాత్రం నవ్వే స్థితిలో లేదు. ఆమె కడుపు మండిపోతోంది. ఎవరి మీద? మొగుడి మీద కాదు, పెద్దమనుషుల మీదా కాదు. అత్త మీద. శ్రీరంగాపూర్ నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచీ అత్తకు ఎదురు మాట్లాడి ఎరగదు. అత్త కాళ్లకు నూనె రాసింది, జ్వరమొస్తే గద్వాల దవాఖానకు తోడుగా పోయి కింద పడుకుంది. అలాంటి అత్త, తనకు ఒక్క మంచి రోజు వస్తుంటే అడ్డం పడింది. నలుగురిలో తన పేరు నవ్వులపాలు చేసింది.

అత్త నామినేషన్ వేయడానికి ముందు రోజు జరిగింది గుర్తొస్తే ఇంకా మండుతుంది. ఈదమ్మ పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుని, ఊరికే అడిగినట్టు అడిగింది.

"ఏమే పిల్లా, గెలిస్తే కుర్చీల ఎవరు కూసుంటరు? నువ్వా, వాడా?"

"ఆయన చూసుకుంటడు లే అత్తా. నాకేం తెల్వదు గద."

"తెల్వదా?"

"ఆయనకు నలుగురితోని తిరిగే అలవాటున్నది. నేనేడికి పోత?"

ఈదమ్మ ఇంకేం అడగలేదు. చేతిలో రొట్టె అలాగే ఉంచి లేచిపోయింది. మరునాడు ఆటో ఎక్కింది. అడగాల్సింది అడిగిపోయి, చెయ్యాల్సింది చేసిపోయే మనిషి. ఇంతకీ తను చెప్పిన దాంట్లో తప్పేముందో శ్రీవాణికి ఇప్పటికీ అర్థం కాలేదు.

దానికి తోడు పత్తి. చేను తెల్లగా పగిలి నిలబడింది. నిన్నటి నుంచి ఒక్క మనిషి కూడా ఏరడానికి రాలేదు. పిలవడానికి పోతే తలుపులు వేసుకున్నారు. ఊరి మాట దాటిన ఇంటికి కూలికి పోవద్దని కట్టుబాటు పెట్టారట. ఇంకో నాలుగు రోజులు పోతే, మబ్బు పట్టి ఒక్క జల్లు పడితే, ఆ పత్తి నల్లబడి ఎందుకూ పనికిరాదు. ఇదంతా అత్త చేసిన ఘనకార్యం!

గుడి ముందు గచ్చు మీద నల్ల గొంగడి పరిచారు. దాని నడుమ ఇత్తడి పళ్లెంలో బండారి, అంటే బీరప్పకు పెట్టిన పసుపు. ఆ ఊళ్లో ఏ మాటైనా కట్టు అయ్యేది ఆ గొంగడి మీదే. ఇంటికొక మగాడు వచ్చి, చెప్పులు విడిచి, గొంగడి మీద నిలబడి, బండారి ముట్టి నొసట పెట్టుకుంటే ఇక ఆ మాట దాటడానికి లేదు. కోర్టులో అబద్ధమాడిన వాడు కూడా ఆ గొంగడి మీద ఆడడు. మొన్న పొద్దున ఇంటికొకరు చొప్పున అందరూ ముట్టారు. నాగేశ్ అయితే అందరికంటే ముందు ముట్టాడు.

మగవాళ్లు గొంగడి చుట్టూ గచ్చు మీద కూర్చున్నారు. ఆడవాళ్లు సిమెంటు రోడ్డుకు అవతల, నీళ్ల ట్యాంకు నీడలో నిలబడ్డారు. గొంగడి మీదికి ఆడది రాకూడదు, దాని దగ్గరికి కూడా రాకూడదు. అది ఎప్పటి నుంచో ఉన్న రివాజు. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పే వాళ్లూ లేరు.

గుడి గోడకు అప్పుడే ఫ్లెక్సీ కట్టేశారు. గద్వాలలో కొట్టించుకొచ్చాడు నాగేశ్. 'ఏకగ్రీవంగా ఎన్నికైన సర్పంచి శ్రీమతి శ్రీవాణి నాగేశ్ గారికి శుభాకాంక్షలు.' తెల్ల చొక్కాలో, చేతులు జోడించి, నిలువెత్తున నాగేశ్. కింద మూలన పోస్టు బిళ్లంత శ్రీవాణి. ఎవరి పెళ్లిలోనో దిగిన ఫొటో నుంచి తల ఒక్కటి కత్తిరించి పెట్టారు, పక్కన కూర్చున్న ఆమె కొంగు కూడా ఇంత కనబడుతోంది. శ్రీవాణి ట్యాంకు కింద నిలబడి మొదటిసారి దాన్ని చూసింది. చూసి తల తిప్పుకుంది.

ఈదమ్మ గచ్చు అంచున, గొంగడికి ఇవతల నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. ఆమె అడగనూ లేదు.

కురుమూర్తి గొంతు సవరించుకున్నాడు. ఊరికి పెద్ద, వరసకు ఈదమ్మకు మరిది. తియ్యగా మాట్లాడి మెడ కోయడంలో ఆయనకు ఆ మండలంలోనే సాటి లేరు.

"వదినా, జర మా మాట ఇను. పెద్దదానివి. ఈ వయసుల నీకెందుకు ఈ పరేషాన్? కోడలు సర్పంచి అయితే నీ ఇంటికే గద పేరు."

"పేరు ఇంటికి. పని ఎవరికి?" అంది ఈదమ్మ.

"గదే లొల్లి! ఎవరు చేస్తే ఏంది? నీ కొడుకు గాడా వాడు?"

"నా కొడుకే. అందుకే ఎరుక."

నలుగురు నవ్వబోయి ఆపుకున్నారు. నాగేశ్ ముఖం ఎర్రబడింది.

"అమ్మా, ఊరందరి ముందల నా ఇజ్జత్ తీయకు. పా, పోదాం. బండి ఉన్నది. సంతకం పెట్టి వద్దాం."

"నేను పెట్ట."

"పెట్టవా? పెట్టకుంటే ఏం చేస్తనో తెల్సా?"

"ఏం చేస్తవురా? పాలిచ్చిన దాన్ని బెదిరిస్తవా? బెదిరియ్యి, చెవులార ఇంట."

ఈ తల్లీకొడుకుల వాదన ఇలా తెగదని కురుమూర్తికి తెలుసు. చెయ్యెత్తి నాగేశ్‌ను ఆపాడు. గొంతులో తియ్యదనం తీసి పక్కన పెట్టాడు.

"ఇగో వదినా, అసలు మాట చెప్త. ఊరు బండారి ముట్టింది. ఇంటికొక మగోడు ఈ గొంగడి మీద నిలబడి ముట్టిండు. పోటీ ఉండదు, ఏకగ్రీవమే అని ముట్టినం. నీ ఇంటికెల్లి నీ కొడుకు ముట్టిండు. ఇప్పుడు నువ్వు కాదంటే ఆ బండారి ఎవరికి కొడ్తది? నీ కొడుక్కు కొడ్తది. వాని పిల్లకు కొడ్తది. నువ్వు తల్లివేనా?"

ట్యాంకు కింద ఒకరిద్దరు దండం పెట్టుకున్నారు. వాని పిల్ల అంటే శ్రీవాణి కూతురు అఖిలే. మూడో తరగతి చదువుతున్న పిల్ల, పొద్దున్నే జడలు వేయించుకుని బడికి పోయింది. ఆ పిల్ల మీదికి తెచ్చారు మాటను. ముసలిదానికి ఇప్పుడైనా మనసు కరగదా అనుకుంది శ్రీవాణి. కరుగు అత్తా, ఒప్పుకో అత్తా, నీ కాళ్లు మొక్కుత అని లోపల్లోపల బతిమాలుకుంది.

ఈదమ్మ పళ్లెం వైపు వేలు చూపింది.

"మరిదీ, ఒక్క మాట అడుగుత. ఇంటికొకరు ముట్టిండ్రు అన్నవు. ముట్టినోడు ఆ మాట మీద ఉండాలె. ఉండమను, నేను వద్దన్ననా? నా కొడుకు ముట్టిండు, వాడు ఉండాలె. నేను ముట్టిన్నా?"

"నువ్వెట్ల ముడ్తవు? ఆడదానివి."

"గదే అడుగుతున్న. నేను ముట్టలే. ఆ ట్యాంకు కింద నిలబడ్డోళ్లల్ల ఒక్కతి ముట్టిందా? గొంగడి దగ్గరికి రావొద్దన్నరు, రాలే. మైలన్నరు, ఊకున్నం. ముట్టని బండారి మాకెందుకు కొడ్తది? నీ ఊళ్ల సగం ఓట్లు ఏ మాటకూ కట్టుబడి లేవు మరిదీ! మమ్మల్ని మీరే కట్టలే."

గుడి మీద మైకు వైరు గాలికి ఊగుతోంది. ఎంత ఆలోచించినా ఆ మాటకు ఎక్కడా పట్టు దొరకలేదు కురుమూర్తికి. ఇన్నేళ్లుగా పంచాయితీలు తెంపుతూ వచ్చిన మనిషి, ఇంత చిన్న సంగతి ఎలా మరిచిపోయాడు? మరిచిపోవడం కాదు లెండి. ఆడవాళ్లకు వేరే మాట ఒకటుంటుందని ఆయనకు తట్టనే లేదు.

ట్యాంకు కింద ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మహిళా సంఘం లీడరు తిరుపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో దగ్గో తెలియనివ్వలేదు.

కురుమూర్తికి కోపం వచ్చింది. కోపంలో మనిషి చేసే పనులన్నీ చేశాడు. లేచాడు, కండువా దులిపాడు, అరిచాడు.

"ముట్టలేదా? అయితే ఇప్పుడు ముడ్తరు! ఏయ్ తిరుపతమ్మా! అందరిని తోలుకొని రా ఇటు!"

పూజారి గాబరాగా లేచాడు. "పటేలా, ఆడోళ్లు గొంగడి మీదికా? రివాజు కాదు..."

"రివాజు నాకు చెప్తవా? రమ్మంటున్న గద!"

ఈదమ్మ పకపకా నవ్వింది. పళ్లు లేని నవ్వు, గచ్చంతా వినబడింది.

"నలభై ఏండ్లకు పిలిచిండ్రే మనల్ని గొంగడి మీదికి! పాండ్రి, పాండ్రి!"

తిరుపతమ్మ రోడ్డు దాటి వచ్చింది, కానీ గొంగడి దగ్గరే ఆగింది. మహా గట్టిది. ముఖం అమాయకంగా పెట్టింది.

"అన్నా, మా ఇంటికెల్లి మా ఆయన ముట్టిండు గద. ఒక్క ఇంటికి రెండుమాట్లు ఎందుకే? దేవునికి కోపం రాదా?"

ఈసారి మగవాళ్లే నవ్వేశారు. కురుమూర్తి మెడ నరాలు ఉబ్బాయి. ఎవరి చేత ముట్టించాలో చప్పున తోచింది ఆయనకు.

"సరే. ముందుగాల కాండిడేటు ముట్టాలె. శ్రీవాణీ! రా బిడ్డా. నువ్వు ముడ్తె అందరు ముడ్తరు."

నాగేశ్ వచ్చి శ్రీవాణి మణికట్టు పట్టుకున్నాడు. గాజులు చర్మంలోకి దిగాయి. పైకి నవ్వుతూ, పళ్ల సందుల్లోంచి చెప్పాడు.

"పో. 'ఊరి మాటే నా మాట' అను. గంతే. ఇంకో ముక్క మాట్లాడితే చూడు."

ఆమె రోడ్డు దాటింది. చెప్పులు విడిచింది. గొంగడి అంచు దాకా వచ్చి ఒక్క క్షణం నిలబడింది. అత్త పక్కనే ఉంది, తనవైపు చూడ్డం లేదు, ఎటో చూస్తోంది. శ్రీవాణి అడుగు వేసింది. గొర్రెబొచ్చు అరికాలికి గరగరమంది. ఆ ఊళ్లో ఆ గొంగడి మీద పడ్డ మొదటి ఆడ పాదం అది. భూమి బద్దలు కాలేదు, గుడి కూలలేదు. పూజారి మాత్రం కళ్లు మూసుకున్నాడు.

పళ్లెం ముందు కూర్చుని తలెత్తితే ఎదురుగా ఫ్లెక్సీ. నిలువెత్తున నాగేశ్, మూలన తన తల. దగ్గర నుంచి చూస్తే ఇంకా చిన్నగా ఉంది. ఇంకొకరి కొంగు తన చెవి పక్కన వేలాడుతోంది. కొత్త ఫొటో ఒకటి తీయించుదామన్న ఆలోచన కూడా రాలేదా ఈ మనిషికి? గద్వాలకు పోయినవాడు తనను కూడా తీసుకపోతే ఏమయ్యేది? వనపర్తిలో ఇంటర్ చదివేటప్పుడు హాల్ టికెట్ మీద కూడా ఇంతకంటే పెద్ద ఫొటో ఉండింది తనది!

ఇన్నాళ్ల కోపం అత్త మీద అనుకుంది. ఆ పళ్లెం ముందు కూర్చున్నాక ఆ కోపం ఎవరి మీదిదో తెలిసింది. సీడు పత్తికి తెల్లారక ముందే పోయి పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్ది క్రాసింగ్ చేసేది తను. బోరు మోటారు కాలితే మెకానిక్‌ను పిలిచేది తను. బ్యాంకులో మేనేజరుతో మాట్లాడేది తను. 'నాకేం తెల్వదు గద' అని పొయ్యి దగ్గర అన్నదీ తనే. ఆ మాట ఎట్లా వచ్చింది నోటికి? ఎవరు నేర్పారు? సిగ్గుతో చెవులు వేడెక్కాయి ఆమెకు.

"అను బిడ్డా," అన్నాడు కురుమూర్తి.

శ్రీవాణి బండారిలో చెయ్యి పెట్టింది. మూడు వేళ్లతో ముట్టమంటే అరచెయ్యి మొత్తం పెట్టింది.

"బీరప్ప మీద ఒట్టు," అంది. తలెత్తి, అందరికీ వినబడేలా మళ్లీ అంది. "బీరప్ప మీద ఒట్టు. నేను సర్పంచి అయితే కుర్చీల నేనే కూసుంట. మాట నేనే మాట్లాడ్త, సంతకం నేనే చదివి పెడ్త. నా మొగడు నా కుర్చీల కూసోడు. మాట తప్పితే ఈ బండారి నాకు కొట్టని, నా పిల్లకు కాదు."

అని నొసట పూసుకుంది. నొసలే కాదు, కనుబొమ్మలు, ముక్కు కూడా పచ్చబడ్డాయి.

నాగేశ్ ఒక్క గెంతు గెంతాడు. "ఏయ్! ఏం మాట్లాడుతున్నవే? నీ..." అంటూ గొంగడి మీదికి దూకబోతే పూజారి రెండు చేతులూ అడ్డం పెట్టి అరిచాడు. "చెప్పులు! చెప్పులు నాగేశ్!" ఆ చెప్పులు విప్పే తొందరలో నాగేశ్ తూలి గచ్చు మీద చతికిలబడ్డాడు. పట్టుకుని లేపబోయిన వాళ్ల చేతులు విదిలించి కొట్టాడు.

కురుమూర్తి తొణకలేదు. మనిషి నిజంగా గట్టివాడే, ఆ మాట ఒప్పుకోవాలి. ఒక్క నిమిషంలో లెక్క తిరగేసుకున్నాడు. కోడలు కూర్చుంటానంటే కూర్చోనీ. చిన్నపిల్ల, ఎన్నాళ్లు కూర్చుంటుంది? నాలుగు మీటింగులు. తర్వాత సంగతి తర్వాత. ముందు ఏకగ్రీవం కావాలి, పోటీ మాట పోవాలి. ముఖం నిండా నవ్వు తెచ్చుకున్నాడు.

"శభాష్ బిడ్డా! కూసో, నువ్వే కూసో! ఎవరొద్దన్నరు? ఇంకేంది వదినా, నీ లొల్లి తీరింది గద. నీకు కావాల్సిందే అయింది. పా, జీపున్నది. సంతకం పెట్టి వద్దాం, టైము ఐతున్నది."

శ్రీవాణి కూడా అదే అనుకుంది. గుండె తేలికైంది. అత్త అడిగిన ప్రశ్నకు ఊరందరి ముందు జవాబు చెప్పింది, ఇక అత్త తప్పుకుంటుంది, పత్తి ఏరడానికి మనుషులు వస్తారు. ఆశగా అత్త వైపు తిరిగింది. ఈదమ్మ కళ్లు తడిగా ఉన్నాయి. ఆమె కూడా చెప్పులు విడిచి గొంగడి ఎక్కింది. కోడలి ముక్కు మీద పసుపును కొంగుతో తుడిచింది. ఎంత మెల్లగా తుడిచిందో! తర్వాత నడుం నిటారు చేసింది.

"నేను వెనక్కి తీసుకోను," అంది.

"అత్తా!" శ్రీవాణి అరిచింది. "ఇంకేం గావాలె నీకు? నువ్వడిగిందే చెప్పిన గద! మొగని ముందల, ఊరి ముందల ఒట్టు పెట్టిన! నా కాపురం ఏమైతదో కూడా చూసుకోలే! ఇంకా నా మీద ఏం పగ నీకు?"

"పగ కాదు పిల్లా."

"మరేంది? నీకే కావాల్నా కుర్చీ? గట్లనే చెప్పు!"

ఈదమ్మ కురుమూర్తి వైపు తిరిగింది.

"మా ఇంట్ల ఫొటో ఉన్నది, బంతిపూల దండ ఏసుకొని. ఎరికేనా మరిదీ? మొదటి ఆడ మెంబరు అని అందరు సూస్తరు. ఈ పిల్ల కూడ రోజూ తుడుస్తది. ఆ దండ ఎవరేసిండ్రు? మీ నాయిన ఏసిండు. ఎవరు ఓటేసిండ్రు? ఎవ్వరు ఎయ్యలే. ఏకగ్రీవం అన్నరు. నన్ను అడగనన్న అడగలే, పేరు రాసిండ్రు."

కురుమూర్తి వాచీ చూసుకున్నాడు. "పాత ముచ్చట్లు ఇప్పుడెందుకు వదినా?"

"ఇను. మొదటి మీటింగుకు ఉతికిన చీర కట్టుకొని పోయిన. గడప కాడ ఆపిండ్రు. బయట కూసో అన్నరు. కుర్చీ ఏది అని అడిగిన. అప్పుడు ఒక పడుసు పిలగాడు ఏమన్నడో తెల్సా? 'నీకు ఓటేసిందెవరు? మేము పెడ్తె అయినవు. మేము కూసోమన్న తాన కూసో' అన్నడు. ఆ పిలగాడెవరో చెప్పమంటవా?"

చెప్పాల్సిన పని లేకుండానే అందరూ కురుమూర్తి వైపే చూశారు.

"కూసున్న," అంది ఈదమ్మ. గొంతు తగ్గింది. "పదవి ఉన్నన్నాళ్లు గడప అవతల, మట్టిల కూసున్న. ఎండకు కూసున్న, వానకు కూసున్న. కొట్లాడదామంటే నా తాన జవాబు లేకుండె. నిజంగనే నాకెవ్వరు ఓటెయ్యలే. ఈ ముచ్చట నా కొడుక్కు చెప్పలే, కోడలికి చెప్పలే. దండ ఫొటో సూపిచ్చిన, అంతే. సిగ్గయ్యింది."

శ్రీవాణి ఆ ఫొటోను ఎన్నిసార్లు తుడిచిందో! అఖిలకు చూపించి 'మీ నాయినమ్మ చూడు, ఎట్లున్నదో' అని గొప్పగా చెప్పింది. అందులో అత్త నవ్వడం లేదని ఒక్కనాడూ గమనించలేదు.

ఈదమ్మ కోడలి రెండు భుజాలూ పట్టుకుంది.

"ఇయ్యాల వీళ్లు ఒప్పుకుంటరు. రేపు నువ్వు ఎదురు మాట్లాడ్తె 'మేము పెడ్తె అయినవు' అంటరు. నీ తాన కూడ జవాబు ఉండదు. గట్ల కావొద్దు. నన్ను ఓడగొట్టి ఎక్కు. లేకుంటే నేనే నిన్ను ఓడగొట్టి ఎక్కుత. ఏదైనా గాని, ఓట్లు పడాలె, లెక్కపెట్టాలె. నా కోడలివని నేను తగ్గ. అత్తనని నువ్వు తగ్గకు."

"జీపు తియ్యండ్రి!" కురుమూర్తి అరిచాడు. "ఎత్తి కూసోబెట్టుండ్రి దీన్ని!"

ఇద్దరు ముందుకు వచ్చారు. గొంగడి అంచు దాకా వచ్చి ఆగిపోయారు. గొంగడి మీద నిలబడ్డ మనిషి మీద చెయ్యి వెయ్యకూడదు. అది కూడా రివాజే, వాళ్లు పెట్టుకున్నదే! ఈదమ్మ ఆ నల్ల గొంగడి నడుమ, బండారి పళ్లెం పక్కన, కాళ్లు చాపుకుని కూర్చుంది. శ్రీవాణికి ఏం చెయ్యాలో తోచలేదు. కాసేపు నిలబడింది. తర్వాత ఆమె కూడా కూర్చుంది, కొంచెం ఎడంగా, ముఖం అటు తిప్పుకుని. మూడు దాటే దాకా ఆ ఇద్దరూ గొంగడి దిగలేదు.

మూడు దాటింది, ఇక పోటీ ఖాయం. ఎవరో ఫ్లెక్సీ తాడు కోసేశారు, నాగేశ్ బొమ్మ నడుం దగ్గర మడతపడి కింద పడింది. నాగేశ్ అంతకు ముందే బండి తీసుకుని వెళ్లిపోయాడు.

"పోటీ కావాల్నంటిరి గద, చేయుండ్రి," అన్నాడు కురుమూర్తి లేస్తూ. ఇప్పుడు గొంతులో తియ్యదనమూ లేదు, కోపమూ లేదు. దానికే ఎక్కువ భయం వేసింది శ్రీవాణికి. "నీళ్లు, నిప్పు, మనిషి, మీ ఇంటికి ఏదీ రాదు. చేండ్లనే పత్తి కుళ్లిపోని. ఓట్లెవరేస్తరో నేనూ సూస్త."

మగవాళ్లు కదిలారు. ట్యాంకు కింది ఆడవాళ్లూ తలలు వంచుకుని ఎవరి దారిన వాళ్లు పోయారు. ఒక్కరూ శ్రీవాణి కళ్లలోకి చూడలేదు. తిరుపతమ్మ ఒక్కతే, చెప్పులో రాయి దులుపుకుంటున్నట్టు ఆగి, పెదవులు కదలకుండా అడిగింది.

"మీ ఓటు గుర్తులు ఏమేమొచ్చినయో రేపు చెప్తరా?"

జవాబు కోసం ఆగకుండా పోయింది.

ఇంటి దారి పొడుగునా అత్త ముందు, కోడలు వెనక. శ్రీవాణి లోపల రెండు మనసులు కొట్టుకుంటున్నాయి. మట్టిలో కూర్చున్న ముచ్చట తలుచుకుంటే అత్తను వాటేసుకోవాలనిపిస్తుంది. పత్తి చేను కనబడితే కొట్టాలనిపిస్తుంది.

"నాకు ముందే చెప్తే ఏమయ్యేది?" అంది చివరికి.

"చెప్తే నువ్వు నా మీద జాలితోని మాట్లాడేదానివి," అంది ఈదమ్మ వెనక్కి తిరక్కుండా. "జాలి నాకొద్దు."

మలుపు తిరగ్గానే ఇల్లు కనబడింది. వాకిట్లో చీరలు, దుప్పట్లు, శ్రీవాణి ట్రంకుపెట్టె, ఈదమ్మ చేతికర్ర. అన్నీ మట్టిలో పడి ఉన్నాయి. బంతిపూల దండ ఫొటో అద్దం పగిలి బోర్లా పడి ఉంది. నాగేశ్ గడప మీద అడ్డంగా కూర్చున్నాడు. అతని వెనక, బడి నుంచి వచ్చిన అఖిల, చీమిడి ముక్కుతో ఏడుస్తోంది. తల్లిని చూడగానే "అమ్మా!" అని బయటికి రాబోతే నాగేశ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"రాండ్రి," అన్నాడు. తాగలేదు. తాగి ఉంటే బాగుండేదనిపించింది శ్రీవాణికి. "ఊరి ముందల మంచిగ ఆడించిండ్రు నన్ను. ఇద్దరు పోటీ గద? పోటీ ఈడికెల్లే మొదలు. ఇయ్యాల ఈ గడప ఒక్కరే దాటుతరు. దాటినోళ్లు ఇంట్ల ఉంటరు, పిల్ల వాళ్ల తాన ఉంటది. రెండో మనిషి ఓట్లు అయ్యే దాకా ఈ వాకిట్లకు రావొద్దు. ఎవరో మీరే తేల్చుకోండ్రి."

"నాగేశ్!" అంది శ్రీవాణి. మొగుణ్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

లోపల అఖిల మళ్లీ పిలిచింది, ఈసారి గట్టిగా.

పిల్ల నాది, నేను పోవాలి అత్తా, నీకు తెలుసు గదా అన్నట్టు శ్రీవాణి అత్త ముఖంలోకి చూసింది. అత్త ఆమె వైపు చూడ్డం లేదు. గడప వైపు చూస్తోంది.

శ్రీవాణి కిందికి చూసింది. ఈదమ్మ అప్పటికే, ఇంట్లోకి పోయేదానిలా, చెప్పులు విడుస్తోంది.